గుంజిన రాగి

"మీకు రాగి ఎలా వస్తుంది?" అని అడిగింది రాగసుధ, టాబ్ మీద వేలు సిద్ధంగా పెట్టుకుని.

"గుంజుతం మేడం," అన్నాడు ప్రేమ్‌రాజ్.

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో అతనిది పాత సామాన్ల షాపు. రాగసుధ కాకినాడ పిల్ల. హైదరాబాద్ వచ్చి ఇరవై రోజులైంది. మోటార్లకు తీగ చుట్టే కంపెనీలో ఉద్యోగం. కొండలు తవ్వి తీసే కొత్త రాగి తగ్గించి, పాత వైర్లలోని రాగినే మళ్ళీ వాడాలని ఆ కంపెనీ పట్టుదల. దొంగ సరుకు, వైర్లు కాల్చి తీసిన సరుకు మాత్రం ముట్టుకోరు. రాగి అమ్ముతామని దరఖాస్తు పెట్టుకున్న షాపులకు వెళ్ళి అది చూసి రావడమే ఆమె పని.

"గుంజుతారా?" అంది కళ్ళు పెద్దవి చేసి.

"మస్తు గుంజుతం. పొద్దుందాక అదే పని."

"మీరొక్కరేనా?"

"లే, అమ్మ కూడ. నేను గట్టిగ పట్టుకుంట, అమ్మ గుంజుతది."

రాగసుధ లోపలికి చూసింది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకున్న అతని తల్లి నీలమ్మ నవ్వుతూ చాయ్ వడబోస్తోంది. చూస్తే ఎంతో మంచి మనిషిలా ఉంది.

"ఎవరూ ఏమీ అనరా?"

"బస్తీల నవ్వుతరు, గిదేం పని అని. మనకేం ఫికర్? మనసు సాఫ్ ఉన్నది."

ఆ పెద్ద కళ్ళలో ఉన్నది మెచ్చుకోలే అనుకుని ప్రేమ్‌రాజ్ పొంగిపోయాడు. ఆమె మాత్రం చాయ్ ముట్టకుండా, బ్యాగు గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. 'మీ దరఖాస్తు తిరస్కరించాం. కారణం: సరుకు బలవంతంగా లాక్కున్నది.'

ప్రేమ్‌రాజ్ రెండుసార్లు చదివి మెట్టు మీద కూలబడ్డాడు. ఏడాది కిందటి దాకా వాళ్ళూ అందరిలాగే వైర్ల కట్టకు నిప్పు పెట్టేవాళ్ళు. ఐదు నిమిషాల్లో ప్లాస్టిక్ కాలిపోయి రాగి మిగిలేది. ఆ పొగకు దగ్గి దగ్గి ఒకరోజు నీలమ్మ సొమ్మసిల్లింది. ఆ రోజే అతను కాల్చడం మానేశాడు. చేత్తో తీసే రాగికి గంటలు పడుతుంది. ఈ కంపెనీ తీసుకోకపోతే షాపు నిలబడదు. మళ్ళీ నిప్పే గతి.

"అమ్మా, నాలుగు రోజులు కార్వాన్‌ల చిన్నమ్మ తాన ఉండు," అన్నాడు.

"ఎందుకురా?"

"ఊకెనే."

నీలమ్మకు అర్థమైంది. చీరలు సర్దుకుంది.

మర్నాడు పొద్దున సంతోష్‌నగర్‌లో వాన. బాబాయి వాళ్ళింట్లో రాగసుధ ఇడ్లీ తింటోంది. పక్కింటి సక్కుబాయి పచ్చడి గిన్నెతో లోపలికి వస్తూ, "జల్లు కొడ్తున్నది, ఆ తలుపు జర గుంజు బిడ్డా," అంది.

రాగసుధ చెయ్యి ఆగిపోయింది. "ఏం చెయ్యాలి?"

"తలుపు గుంజు. నీ దిక్కు లాగు."

ఇడ్లీ ప్లేటులోనే ఉండిపోయింది. ఆటోలో కూర్చుని ఆమె తనను తాను తిట్టుకోని తిట్టు లేదు.

రేకుల కింద ప్రేమ్‌రాజ్ వైర్ల కట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. వాన తేమకు రెండు పుల్లలు అంటుకోలేదు. మూడోది గీయబోతుంటే, తడిసి ముద్దయిన రాగసుధ వచ్చి అతని చేతిలోని అగ్గిపెట్టె లాగేసుకుంది.

"ఏంది మేడం?"

"మా కాకినాడలో గుంజడమంటే ఇదండీ," అంది ఆయాసపడుతూ.

అతను తన ఖాళీ చేతిని చూసుకున్నాడు. "అంటే, నేను పట్టుకుంట, అమ్మ గుంజుతది అన్న గదా..."

"దారిన పోయేవాళ్ళను మీరు పట్టుకుంటారు, ఆవిడ లాక్కుంటారు అనుకున్నాను."

"మా అమ్మ చైన్ స్నాచరా?" ప్రేమ్‌రాజ్ పగలబడి నవ్వాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"తప్పు నాదేనని దారిలోనే ఆఫీసుకు రాశాను. ఇప్పుడు సరిగ్గా చూపించండి."

అతను బ్లేడుతో వైరు తొడుగు చీరి, ఒక కొస తను పట్టుకుని రెండోది ఆమెకిచ్చాడు. ఆమె లాగింది. ఎర్రని రాగితీగ తళతళమంటూ బయటికొచ్చింది.

"కిలో రాగికి గనిలో క్వింటాలు పైనే రాయి తవ్వాలి తెలుసా?" అంది.

"మాకైతే రెండు చేతులు సాలు," అన్నాడు అతను, ఆమె చేతుల వంక చూస్తూ.

షాపుకు అనుమతి వచ్చింది. నీలమ్మ కార్వాన్ నుంచి తిరిగొచ్చింది. ఆ తర్వాత కూడా రాగసుధ ఒక ఫోటో మిగిలిందని ఒకసారి, గొడుగు మరిచిపోయానని ఇంకోసారి వచ్చింది. ఆ గొడుగు ఆమె బ్యాగులోనే ఉందని నీలమ్మ చూడనే చూసింది.

ఆరు నెలల తనిఖీ దగ్గరపడింది.

"ఈసారి నేను రానండీ. వేరేవాళ్ళను పంపమని ఆఫీసులో చెప్పాను," అంది రాగసుధ.

ప్రేమ్‌రాజ్ ముఖం వాడిపోయింది. "మా తాన ఏమన్న తప్పు జరిగిందా?"

"లేదు. రూలు ఉంది."

"ఏం రూలు?"

"మనం ఇష్టపడ్డ మనిషి షాపును మనం తనిఖీ చేయకూడదు." ఆమె నేల చూపులు చూసింది.

"గా రూలు నాకు మస్తు నచ్చింది," అన్నాడు మెల్లగా.

లోపలి నుంచి నీలమ్మ వచ్చింది. ఏమీ విననట్టే తన పాత గ్లవ్స్ రాగసుధ చేతిలో పెట్టింది.

"నా చేతులు గుంజుతున్నయి బిడ్డా," అంది.

రాగసుధ తెల్లబోయి చూసింది.

"గుంజుడంటే నొప్పి కూడ," అన్నాడు ప్రేమ్‌రాజ్.

"గా మాటలు తర్వాత నేర్పిద్దువు గని," అని నీలమ్మ పీట ఆమె వైపు జరిపింది. "ఇగ రోజూ వాడు పట్టుకుంటడు. నువ్వు గుంజు."