నాన్నమ్మ మానేసిన మాట

ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది.

"కరెంటు ఆగిందర్రా" అంది నాన్నమ్మ, కుర్చీలోంచి కదలకుండానే.

నాన్నమ్మ 'పోయింది' అనదు. తలనొప్పి పోతే "దిగింది" అంటుంది. కళ్ళజోడు పోతే "ఎక్కడో ఉంది, నాకు చెప్పట్లేదు" అంటుంది. ఆఖరికి కుండీల్లో మొక్కలకు నీళ్ళు పొయ్యమని చెప్పాలన్నా "వంపు" అనే అంటుంది. పో అన్న అక్షరం మా నాన్నమ్మ ఒంటికి పడదండీ అని మనవరాలు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. ఎందుకు పడదో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పెద్దవాళ్ళ చాదస్తాలకు కారణాలు వెతికే తీరిక ఎవరికుంటుంది?

ఆ మనవరాలిని ఇంట్లో 'గంట' అంటారు. పుట్టగానే ఏడిస్తే వీధి చివరి దాకా వినిపించిందట. ఆ పేరే స్థిరపడిపోయింది. గంట చదువు పూర్తిచేసి, తండ్రిలాగే లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుంది. వద్దని తల్లి ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ రోజు ఆమె ఉద్యోగంలో చేరే రోజు.

కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని బూట్ల లేసులు బిగిస్తోంది గంట. తల్లి కుట్టుమిషను ముందు ఉంది. కర్టెన్లు కుట్టి దుకాణాలకు ఇవ్వడం ఆవిడ పని. కాలితో తొక్కే మిషను కాబట్టి దానికి కరెంటుతో పనిలేదు. అయినా అది పొద్దుటి నుంచీ ఊరికే ఉంది.

"ఇంతకీ ఏ బిల్డింగు?" అంది తల్లి, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఏదో ఒకటిలే అమ్మా."

"ఏదో ఒకటైతే చెప్పడానికి నోరెందుకు రావట్లేదు?"

గంట వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది. "వంతెన పక్కన పాత బిల్డింగు. నాన్న వెళ్ళిందే."

దారం సూదిలోకి ఎక్కలేదు. తల్లి దాన్ని చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నువ్వే అడిగి వేయించుకున్నావా?"

"లేదమ్మా. కొత్తవాళ్ళందరికీ చీటీలు పెట్టారు. నేను తీసిన చీటీలో అదే ఉంది. చదివి నేనూ కాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాను."

వంతెన పక్క బిల్డింగులో జరిగింది ఆ ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు. గంట చిన్న పిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి ఒక ఉదయం అక్కడ లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళాడు. బాగుచేశాడు. అన్ని అంతస్తులూ ఎక్కించి దించి చూశాడు. తర్వాత లిఫ్టు యంత్రం ఉండే పై గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు డాక్టర్లు. అంతకు కొద్ది రోజుల ముందు కంపెనీ పెట్టిన పరీక్షల్లో ఇలాంటి గుండె ఉంటే దిగులే లేదన్నదీ డాక్టర్లే. ఆయన బాగుచేసిన లిఫ్టులోనే ఆయన్ని కిందికి దించారు. ఒక్క కుదుపైనా లేకుండా దిగిందని, వెంట ఉన్న మేస్త్రీ చెప్పి చెప్పి ఏడ్చాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. లిఫ్టు పనిలో ఎప్పుడూ ఇద్దరుంటారు. ఒకడు లిఫ్టు అడుగున ఉండే గుంతలోకి దిగే ముందు "దిగుతున్నా" అని కేకెయ్యాలి. స్విచ్చి దగ్గరున్న రెండోవాడు అదే మాట తిరిగి చెప్పాలి. అది వినిపించేదాకా మొదటివాడు కాలు పెట్టకూడదు. ఈ అలవాటును ఆయన ఇంటికి కూడా తెచ్చాడు. రోజూ గడప దగ్గర నిలబడి "వెళ్ళొస్తా" అనేవాడు. లోపలినుంచి భార్య "వెళ్ళిరండి" అనేదాకా కదిలేవాడు కాదు. ఆవిడ నోట్లో పళ్ళు తోముకునే నురగ ఉంటే, అది ఉమ్మేసి వచ్చేదాకా నిలబడేవాడు. పక్కింటివాళ్ళకు ఇదొక వేడుక.

ఆయన లేకపోయాక ఆ మాట ఆ ఇంట్లో చట్టమైంది. పాల ప్యాకెట్టు తేవడానికి వీధి మలుపు దాకా వెళ్ళినా 'వెళ్ళొస్తా' అనాలి. గంట ఒక్కతే అనదు. "వెళ్తున్నా" అంటుంది. 'వస్తానని కూడా చెప్పవే' అని తల్లి వెనకనుంచి అరుస్తుంది. గంట అప్పటికే మెట్లు దిగుతూ ఉంటుంది. రోజూ ఉండే తంతే అది.

ఆ రోజు మాత్రం గంట సంచీ భుజానికి తగిలించుకుని లేచేసరికి, తల్లి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్ళొస్తానని చెప్పు. దారి వదుల్తాను."

"అమ్మా, ఆలస్యమవుతోంది."

"చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పని వద్దన్నాను, విన్నావు కాదు. ఆ బిల్డింగుకే వెళ్తానంటున్నావు, ఊరుకున్నాను. ఒక్క మాట అడుగుతున్నాను. అది కూడా చెయ్యవా?"

"ఆ మాటంటే ఏమవుతుందమ్మా?"

"అనకపోతే ఏమవుతుందో నాకు తెలుసు." తల్లి గుమ్మానికి రెండు వైపులా చేతులు ఆనించింది. "చెప్పనిదే ఈ గుమ్మం దాటనివ్వను. మీ మేస్త్రీకి ఫోన్ చేసి, మా అమ్మాయి రాదని నేనే చెప్తాను."

గంట సంచీ కింద పెట్టింది. ఆమెకు కోపం రాలేదు, రావాల్సినంత. తల్లి ఇంత మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"అనకపోతే ఏమవుతుంది? నాన్న ఆ రోజు చెప్పలేదా?"

"చెప్పారో లేదో నాకు తెలిస్తే కదా." తల్లి గుమ్మానికి చేరగిలబడింది. "స్నానాల గదిలో ఉన్నాను. తల మీద నీళ్ళ చప్పుడు. ఏమీ వినపడలేదు. మధ్యలో ఎవరో తలుపు కొట్టారు. అత్తయ్య అనుకున్నాను. అంతకు ముందు రోజు ఆవిడకూ నాకూ మాటామాటా వచ్చింది. ఆ ఉక్రోషంలో, విని కూడా పలకలేదు. బయటికొచ్చేసరికి ఆయన లేరు. నేనింకా తల తుడుచుకుంటూ, సాయంత్రం ఆయన రానీ, అత్తయ్య సంగతి చెప్తాను అనుకుంటున్నాను."

నాన్నమ్మ కుర్చీలో ముందుకు వంగింది.

"నేను తలుపు కొట్టలేదమ్మాయ్."

"ఇప్పుడు దానికేముంది లెండి అత్తయ్యా. మీమీద నాకేం లేదు."

"అది కాదు. నేను కొట్టలేదు. నేను అప్పటికి మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. వాడు మెట్లు దిగడం చూసే పైకి వెళ్ళాను." ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "వాడు చెప్పాడు. గడప దగ్గర నిలబడి వెళ్ళొస్తా అన్నాడు. నువ్వు పలకలేదు. మళ్ళీ అన్నాడు. అలా నిలబడే ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది, విసుగూ వచ్చింది. ఆలస్యమవుతోంది కదరా అని, ఆ మాట అన్నాను."

"ఏ మాట?"

నాన్నమ్మ కొంగును వేలికి ఇంకా బిగించి చుట్టుకుంది.

గంట వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తను ఊరంతా చెప్పి నవ్వించిన సంగతి ఒక్కసారిగా ఆమెకు గుర్తొచ్చింది.

"పో అన్నావా నాన్నమ్మా?"

ఆవిడ తలూపింది. "రెండుసార్లు అన్నాను. కన్నతల్లి నోటితో అన్నాను. వాడు నా మాట ఎప్పుడు కాదన్నాడని?"

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు, ఇన్నేళ్ళు గడిపారు. ఒకరి దగ్గర ఒకరు ఏమీ దాచుకోలేదనే అనుకున్నారు. నలుగురిలో అత్తాకోడళ్ళంటే వీళ్ళలా ఉండాలని పేరు కూడా తెచ్చుకున్నారు. తీరా చూస్తే ఎవరి నిప్పు వాళ్ళు కొంగున కట్టుకుని తిరిగారు.

"మరి తలుపు కొట్టిందెవరు?" అంది తల్లి మెల్లగా.

"నాన్న" అంది గంట. "వెనక్కి వచ్చాడు."

ఇద్దరూ ఆమెవైపు చూశారు.

"నేను ఇక్కడే కూర్చుని అన్నం తింటున్నాను. మెట్లెక్కి వచ్చాడు. నీ తలుపు కొట్టాడు, కాసేపు నిలబడ్డాడు. ఏం మర్చిపోయావు నాన్నా అనడిగాను. ఏమో గంటా, గుర్తు రావట్లేదు అన్నాడు. నవ్వాడు కూడా. ఇల్లంతా ఓసారి చూశాడు. మళ్ళీ గడప దగ్గరికెళ్ళి, వెళ్ళొస్తా అన్నాడు. ఎవరూ లేరు కదా, నేనే అన్నాను, వెళ్ళిరా నాన్నా అని. గట్టిగా అన్నాను. అప్పుడు వెళ్ళాడు."

"నువ్వు పలికావా?" తల్లి మాట గుసగుసలా వచ్చింది. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? అందరూ ఏడుస్తూ ఉన్నారు. తర్వాత నువ్వు రోజూ ఆ మాట అనమనేదానివి." గంట కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు వాటంతటవే దిగుతున్నాయి. "నాన్నా నేనూ చెప్పుకోవాల్సినట్టే చెప్పుకున్నామమ్మా. ఒక్క అక్షరం తప్పలేదు. అయినా రాలేదు. నేను సరిగ్గా అనలేదేమో అని చిన్నప్పుడు రోజూ అనుకునేదాన్ని. పెద్దయ్యాక ఆ మాటంటేనే ఒళ్ళు మండింది. అందుకే అనను. పంతం కాదు."

తల్లి గుమ్మం వదిలి వచ్చి కూతురి పక్కనే నేల మీద కూలబడింది. ఆమె తల గుండెకు అదుముకుంది.

"ఎవరూ పలకని ఇంట్లోంచి వెళ్ళారనుకున్నానే ఇన్నేళ్ళూ. ఆ ఒక్కటీ తలుచుకుని నిద్ర పట్టేది కాదు. నువ్వు పలికావా నా తల్లీ? అంత చిన్నదానివి, నా బదులు పలికావా?"

"అయితే వాడు చివర విన్నది గంట మాటా?" అంది నాన్నమ్మ. "నాది కాదా?"

"నీది కాదు నాన్నమ్మా. వెళ్ళిరా అనిపించుకునే వెళ్ళాడు."

నాన్నమ్మ మనవరాలి చేయి తీసుకుని తన కళ్ళకు ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు. ఎందుకు వెనక్కి వచ్చాడో, ఏం మర్చిపోయాడో, దాని గురించి ముగ్గురూ ఒకటీ రెండూ అనుకుని చూశారు. ఏదీ కుదరలేదు. ఆయనకే గుర్తు రానిది వీళ్ళకెలా తెలుస్తుంది?

కింద మేస్త్రీ వ్యాను హారను మోగింది. తల్లి లేచి, సంచీ తీసి తనే కూతురి భుజానికి తగిలించింది. దారికి అడ్డం రాలేదు. ఏమీ అడగనూ లేదు.

గంట గడప దగ్గర ఆగింది. ఆ మాట నోటికి కొత్తగా ఉన్నట్టు, ఒకసారి గొంతు సవరించుకుంది.

"వెళ్ళొస్తా."

"వెళ్ళిరా" అన్నారు అత్తాకోడళ్ళు ఒక్కసారే.

బూట్ల చప్పుడు మెట్లు దిగింది. తల్లి గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది. సగం దిగాక చప్పుడు ఆగింది. తర్వాత మెట్లెక్కి వెనక్కి రావడం మొదలైంది. నాన్నమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

గంట గుమ్మంలోకి వచ్చింది.

"ఏం మర్చిపోయావే?" అంది తల్లి.

గంట తల్లిని చూసింది, వెనక నిలబడ్డ నాన్నమ్మను చూసింది, కుట్టుమిషనునూ కిటికీనీ చూసింది.

"ఏమీ మర్చిపోలేదమ్మా. ఊరికే, మిమ్మల్ని ఇంకోసారి చూడాలనిపించింది."

తల్లి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కింద హారను మళ్ళీ మోగింది.

"చూశావు కదా" అంది నాన్నమ్మ, కళ్ళొత్తుకుంటూ. "ఇక పోవే, పో. ఆలస్యమవుతోంది."

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆవిడవైపే చూస్తూ నిలబడిపోయారు.