కొహారు కంచం

"ఆగాగు! ఆ కంచం ముట్టకు!"

స్రవ్య కేకకు ఇల్లంతా ఉలిక్కిపడింది. తిన్న కంచం పట్టుకుని సింకు దగ్గరికి పోబోతున్న కొహారు అక్కడే ఆగిపోయింది.

కొహారుకు ఏడేళ్లు. స్రవ్య వాళ్ల చిన్నమ్మ మనస్విని జపాన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు దత్తత తీసుకున్న పాప. ఇక సంతోష్‌నగర్‌లో అమ్మమ్మ ఇంట్లోనే అందరితో కలిసి ఉందామని పోయిన వారం ఇద్దరూ వచ్చేశారు.

ఆ ఇంట్లో ఎవరి కంచం వాళ్లే కడగాలి. స్రవ్య వాళ్ల నాన్నైనా సరే! చుట్టాలకు మాత్రం మాఫీ. అందుకే స్రవ్య కంచం లాక్కుని, కొహారును కుర్చీలో కూర్చోబెట్టింది. ఎంత మర్యాద చేశానో అని తెగ మురిసిపోయింది.

పక్కింటి నుజహత్ తలుపులోంచి తొంగిచూసింది. "ఎవరే? మెహమానా?"

"అవునే! జపాన్ చుట్టం. మస్తు మంచిగ చూసుకుంటున్నం."

"చూసుకోవాలె మరి. ఎంతైనా దూరదేశం పిల్ల," అంది అమ్మమ్మ సుగుణమ్మ.

కొహారు అన్నీ విన్నది.

సాయంత్రం చూస్తే, తన గౌన్లు బ్యాగులో సర్దుకుంటోంది!

"ఎటు పోతున్నవ్?" స్రవ్య కంగారుగా అడిగింది.

"చుట్టాలు వెళ్లిపోతారు కదా అక్కా. నేను ఎప్పుడు పోవాలి?"

స్రవ్య నాలుక కరుచుకుంది. అయ్యో, ఎంత పని చేసింది!

చిన్నమ్మ పరుగున వచ్చి కొహారును ఒళ్లోకి లాక్కుంది. "ఎక్కడికి పోతవ్ బిడ్డా? నిన్ను తెచ్చుకున్నప్పుడు, మన దేశంల పిల్లలే దొరకలేదా అని అందరూ అడిగిండ్రు. నువ్వు నన్ను అమ్మా అన్నవ్. గదే నా అదృష్టం."

ఆ రాత్రి కొహారు ఎప్పట్లాగే చేతులు జోడించి, అన్నానికి దండం పెట్టి తిన్నది. తినడం అయ్యాక కదలకుండా కూర్చుంది.

"ఏయ్! మహారాణిలెక్క కూసున్నవేంది?" స్రవ్య గదమాయించింది. "లే! నీ కంచం నువ్వే కడగాలె. ఇయ్యాల గ్లాసుల వంతు కూడా నీదే!"

"పిల్లను గట్ల కసురుతవేందే?" అంది అమ్మమ్మ.

కానీ కొహారు ముఖం వెలిగిపోయింది. ఒక్క గంతులో సింకు దగ్గరికి చేరింది.

"అక్కా, రేపు కూడా కడగాలా?"

"మరి? నా చెల్లెవై తప్పించుకుందామనుకున్నవా?"

కొహారు కిలకిలా నవ్వి, సబ్బు నురగ స్రవ్య ముక్కుకు పూసింది. అమ్మమ్మ అది చూసి, తన గ్లాసు పట్టుకుని మెల్లగా లేచి వచ్చింది.

"ఇగో, నా గ్లాసు మరిచిపోయినవ్. గిది కూడా కడుగు బిడ్డా."