రోములో ముందే దిగిన మనిషి

సంజీవ్ ఇటలీ ముఖం చూసినవాడు కాదు. అయినా రోము రైల్వే స్టేషన్ చుట్టూ ఉన్న సందులు అతనికి కోరుట్ల బస్టాండు వెనక సందులంత బాగా తెలుసు. మస్కట్‌లో మూడేళ్లు బిల్డింగు సైట్ మీద ఇనుము కట్టి, ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకుని, అల్ ఖువైర్‌లో మినిస్ట్రీ బిల్డింగులకు ఎదురుగా రెండో అంతస్తులో ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసులో కుదురుకున్నాడు. ఎవరు ఏ ఊళ్లో ఒక్క రాత్రి ఆగాలన్నా, ఆ ఊరి మ్యాపు ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని, స్టేషన్ నుంచి హోటల్‌కు ఎన్ని అడుగులో లెక్క కట్టి మరీ చెప్పేవాడు. అతను పెట్టిన హోటల్ బాగాలేదని తిరిగొచ్చి అన్నవాళ్లు లేరు.

2007 మే నెల. మురాద్ అనే బలూచీ జాతి ఒమానీ పెద్దమనిషి ఆఫీసుకు వచ్చాడు. వాళ్లమ్మ అజీజాకు రెండు కళ్లూ దాదాపు పోయాయి. జర్మనీలో ఆపరేషన్. దారిలో రోములో విమానం మారాలి, ఒక రాత్రి ఆగాలి.

"హోటల్ నడిఊళ్లో ఉండాలి. స్టేషన్‌కు దగ్గరుండాలి. అమ్మ మెట్లెక్కలేదు," అన్నాడు. "ముగ్గురం వెళ్తాం. నేను, అమ్మ, అమ్మను చూసుకునే పనిమనిషి. జూన్ నాలుగున ప్రయాణం."

వీసా కాగితాలకు హోటల్ బుకింగ్ ముందే కావాలి. సంజీవ్ మూడు హోటళ్లు ఏరాడు. మొదటిది అన్నిటికంటే నచ్చింది. స్టేషన్ నుంచి నాలుగు నిమిషాల నడక, దారిలో ఎక్కడా ఎత్తు లేదు, కింద మందుల షాపు కూడా ఉంది. ఒక్కటే సందేహం. పాత బిల్డింగు, లిఫ్టు పనిచేస్తుందో లేదో.

మస్కట్‌లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఊరు ఊరంతా పడుకుంటుంది. ఆఫీసు షట్టర్ సగం దించి మిగతావాళ్లంతా రూములకు పోయారు. సంజీవ్ రూమ్ రువిలో, అంత దూరం పోయి రావడం ఎందుకని ఎప్పుడూ ఆఫీసులోనే ఉండిపోతాడు. షట్టర్ కింద నుంచి తెల్లటి ఎండ ఒక చారలా నేల మీద పడి ఉంది. పైన ఏసీ గురగురమంటోంది. కింద అత్తరు షాపులో వేసిన సాంబ్రాణి పొగ వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది. రోడ్డు మీద ఒక్క కారు కూడా లేదు.

రెండు గంటలకు రోముకు ఫోన్ చేశాడు. అక్కడ అప్పుడు పన్నెండు. ఎవరో మగమనిషి ఎత్తాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం.

"లిఫ్టు ఉంది. బాగుంది. మీరు పంపిన ఆవిడకు కూడా చెప్పాను."

"ఏ ఆవిడ?" అన్నాడు సంజీవ్.

"మస్కట్ నుంచి వచ్చింది కదా. పొద్దున్నుంచి ఇక్కడే కూర్చుని ఉంది. సంజీవ్ హోటల్ పెట్టాడు అంటోంది."

సంజీవ్ క్యాలెండర్ వైపు చూశాడు. మే పద్నాలుగు.

"మావాళ్లు వచ్చేది జూన్ నాలుగున సార్. మీరు ఎవర్నో చూసి..."

"నాకు తెలియదు. బట్టలు తడిసి ఉన్నాయి. నా నేలంతా నీళ్లు. ఫోన్ ఇస్తాను, మీరే మాట్లాడండి."

రిసీవర్ చేతులు మారిన చప్పుడు. తర్వాత ఊపిరి. తర్వాత... టప్... టప్... నీటి చుక్కలు నేల మీద పడుతున్న చప్పుడు.

"అన్నా," అంది ఒక ఆడగొంతు, తెలుగులో. "ఎంతసేపు కూర్చోవాలన్నా ఈడ?"

లైన్ కట్ అయింది.

రూమ్‌లో వాళ్లెవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడు సంజీవ్. కానీ ఆ నంబరు తను నొక్కిందే. ఎవరైనా మధ్యలో ఎట్లా దూరతారు? సాయంత్రం దాకా ఆలోచించి, చివరికి నవ్వుకుని, పని చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. నల్ల అబాయా, చేతిలో చిన్న కవరు. కింద మురాద్ కారు ఆగి ఉంది.

"అన్నా, మాది రాయచోటి. పేరు మహబూబీ. ఫోటోలు ఇచ్చి రమ్మన్నాడు అర్బాబు," అంది, కిందున్న యజమాని కారు వైపు చూపిస్తూ.

సంజీవ్ రాస్తున్నది ఆపి తలెత్తాడు. అదే గొంతు.

ఆమె అతని ముఖం చూసి నవ్వింది. "ఏందన్నా, దెయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు? నీదీ మన దిక్కేనని చెప్పినారు. నాకు శానా సంతోషంగా ఉండాది. నాలుగేండ్లాయ ఆ ఇంట్లోనుంచి బయటికొచ్చి. పెద్దమ్మ మంచిది. నేను లేకుంటే యాడికీ పోనని పట్టుబట్టె."

"నువ్వు ఇంతకుముందు ఏడికైనా పోయినవా చెల్లె? ఇటలీ దిక్కు?"

"నేనా? విమానం ఎక్కింది ఒక్కతూరి. ఈడికి వచ్చినప్పుడు."

కింద హారన్ మోగింది. ఆమె గబగబా దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం సంజీవ్ ఆ హోటల్ పేరు కొట్టేశాడు. రెండోది నది దగ్గరిది. స్టేషన్‌కు కొంచెం దూరమే, కానీ ముందు టాక్సీలు ఆగే చోటు ఉంది. ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తింది ఒక ఆడమనిషి. అతను మస్కట్ అనగానే ఆమె గొంతు తగ్గించింది.

"మంచి పని చేశారు ఫోన్ చేసి. మీ మనిషి మెట్ల దగ్గర నిలబడి ఉంది. పైకి రమ్మంటే రాదు. మోకాళ్ల దాకా బురద. తలుపు తెరుచుకోవడం లేదు అంటోంది. ఏ తలుపు? ఇక్కడ అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి."

సంజీవ్ ఆ హోటల్ పేరు కూడా కొట్టేశాడు. ఫోన్ పెట్టేశాడు. 

మూడు రోజులు ఆ ఫైలు ముట్టుకోలేదు. నాలుగో రోజు మురాద్ ఫోన్ చేసి కేకలేశాడు. ఇక తప్పక మూడో హోటల్ మ్యాపు తీశాడు. చర్చి పక్కన చిన్న వీధి. మళ్లీ అదే వేళ, అదే సగం దించిన షట్టర్. రిసీవర్ ఎత్తాడు. వేలు నంబర్ల మీద పెట్టాడు. ఇంకా ఒక్క అంకె కూడా నొక్కలేదు.

డయల్ టోన్ లేదు.

నీళ్లు... ఎక్కడో చాలా నీళ్లు. పెద్ద హోరు. ఆ హోరు వెనక, చేత్తో చెక్కను కొడుతున్న చప్పుడు. దబ్... దబ్... దబ్...

"ఈడ కూడా నేనే అన్నా."

సంజీవ్ రిసీవర్‌ను చెవి నుంచి తీయాలనుకున్నాడు. చెయ్యి రాలేదు.

"తలుపు తియ్యన్నా... గొంతు దాకా వచ్చినాయి..."

ఆఫీసులో ఎక్కడా నీళ్లు లేవు. అయినా గదంతా బురద వాసన. వాన పడ్డాక వాగు నుంచి వచ్చే పచ్చి వాసన. సాంబ్రాణి వాసనను తోసేసి, ముక్కులోకి, గొంతులోకి... సంజీవ్ వైరు పట్టుకుని గోడలోంచి పీకేశాడు.

ఆ రోజు రూమ్‌కు పోయి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అన్నం తినలేదు. ఆలోచించగా ఆలోచించగా అతనికి ఒకటే తోచింది. ఆ పిల్ల రోముకు పోతే నీళ్లలో పడి చస్తుంది. అక్కడ నది ఉంది, ఏ వంతెన మీదో కాలు జారుతుంది. హోటల్ మార్చి లాభం లేదు. మనిషినే ఆపాలి.

మర్నాడు మురాద్‌కు ఫోన్ చేశాడు. పనిమనిషి కాగితాల్లో తేడా ఉంది, ఎంబసీవాళ్లు ఇప్పట్లో వీసా ఇవ్వరు అని చెప్పాడు. అబద్ధం. ఆ కాగితాలు ఎంబసీకి పోనే లేదు. అతని డ్రాయరులోనే ఉన్నాయి.

"ఖల్లాస్, వదిలెయ్. మేమిద్దరమే పోతాం," అన్నాడు మురాద్.

సంజీవ్ గుండె తేలికపడింది. మళ్లీ మొదటి హోటలే ఖాయం చేశాడు. ఫోన్ చేయలేదు, మెయిల్ పెట్టాడు. రెండు పేర్లతో జవాబు వచ్చింది.

జూన్ ఒకటిన మహబూబీ ఫోన్ చేసింది. ఇంటి ఫోన్ నుంచి దొంగచాటుగా చేస్తోందని గొంతు వింటేనే తెలుస్తోంది.

"అన్నా, నా పేరు ఏంటికి తీసేసినారు? నీకు పుణ్యముంటాది, ఎట్లన్నా చేసి నన్ను పంపన్నా."

"నీ మంచికే చెల్లె. గిప్పుడు ఏం అడగకు."

"నీకు తెల్దన్నా. మేడం పుట్టింటికి పోయింది. ఇంట్లో ఎవరూ ఉండరు. పారిపోతానని అర్బాబు నన్ను వెనక రూములో పెట్టి బయట తాళం ఏసి పోతాడంట. తినేదానికి అన్నీ లోపల పెడతాడంట."



"ఎన్ని దినాలు చెల్లె?"

"పది."

"పది దినాలే గద. కండ్లు మూసి తెరిస్తే అయిపోతయి. పాణం కంటే ఎక్కువ గాదు గదా."

 "సరేలే అన్నా," అంది. ఫోన్ పెట్టేసింది.

నాలుగున మురాద్, అజీజా వెళ్లిపోయారు. అదే రోజు సాయంత్రం నుంచి అందరి నోటా ఒకటే మాట, తుఫాను. దాని పేరు గోను అట. ఎడారి దేశానికి తుఫానేంటని రూమ్‌లో అందరూ నవ్వారు. ఆరో తేదీన నవ్వులు ఆగిపోయాయి. ఆకాశం పగలే నల్లబడింది. కొండల మీద పడ్డ నీళ్లన్నీ వాదీల్లోకి దూకాయి. ఏడాదంతా గులకరాళ్లతో ఎండి ఉండే ఆ వాగులు ఒక్క పూటలో ఏరులయ్యాయి. కార్లు అగ్గిపెట్టెల్లా కొట్టుకుపోయాయి. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి.

మురాద్ ఇల్లు ఖుర్మ్‌లో, వాదీ ఒడ్డునే.

ఆ సంగతి గుర్తుకు రాగానే సంజీవ్ వానలోనే బయల్దేరాడు. కొండ మలుపు దాటేసరికి ఎదురుగా రోడ్డు లేదు. గోధుమరంగు నీళ్లు, నీళ్ల మీద ఖర్జూరపు మట్టలు, గ్యాస్ సిలిండర్లు. పోలీసులు వెనక్కి నెట్టారు. ఆ హోరు వింటూ నిలబడ్డాడు. అతను ముందే విన్న హోరు అది. తేడా ఏమీ లేదు.

"అక్కడ ఒక ఆడమనిషి ఉంది సార్. లోపల. తాళం వేసి ఉంది," అని హిందీలో అరిచాడు. ఎవరికీ వినపడలేదు.

ఎనిమిదో తేదీన నీళ్లు తీశాక పోగలిగాడు. పక్కింటివాళ్లు, ఇద్దరు పోలీసులు వెనక గది తాళం పగలగొట్టి ఉన్నారు. కిటికీకి ఇనుప చువ్వలు. గోడ మీద బురద గీత కిటికీ పైకి, సీలింగుకు జానెడు కింద దాకా ఉంది. మహబూబీ తలుపు వెనకే ఉంది. తలుపు లోపలివైపు చెక్క మీద పెయింటు లేదు, గీరి గీరి.

పోలీసులు ఎవరైనా తెలిసినవాళ్లున్నారా అని అడిగారు. సంజీవ్ నేనున్నానన్నాడు. శవాన్ని రాయచోటికి పంపే కాగితాలన్నీ అతనే దగ్గరుండి చేయించాడు. వాళ్లమ్మ ఫోన్‌లో, "మా పిల్లను ఇటలీ తీస్కపోతాన్నారని చెప్పిందే నాయినా, మరి ఈడ ఎట్ల సచ్చిపోయె?" అని అడిగింది. అతను శవం వచ్చే విమానం నంబరు చెప్పి ఫోన్ పెట్టేశాడు. డ్రాయరులో ఉన్న ఆమె ఫోటోలను చింపడానికి చేతులు రాక, అట్లాగే ఉంచాడు.

జూన్ చివర్లో, ఒక మధ్యాహ్నం పన్నెండు గంటలకు మురాద్ తల్లిని తీసుకుని ఆఫీసుకు వచ్చాడు. ఎదురుగా మినిస్ట్రీలో పని ఉందని, పది నిమిషాలు అమ్మను కూర్చోబెట్టమని చెప్పి వెళ్లిపోయాడు. పనిమనిషి సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు అని చెవిలో అని మరీ వెళ్లాడు.

అజీజా నల్లకళ్లద్దాలు పెట్టుకుని సోఫాలో ఒదిగి కూర్చుంది. ఆపరేషన్ అయింది కానీ చూపు రాలేదు. ఆమెకు హిందీ బాగా వచ్చు.

"హోటల్ పెట్టింది నువ్వేనా బాబూ?" అంది.

"నేనే అమ్మా."

"మంచి హోటల్. స్టేషన్ నుంచి నడిచే పోయాం. ఆ పిల్లను నాతో పంపావు, అది ఇంకా మంచి పని."

సంజీవ్ చేతిలో ఫైలు మూసేశాడు. "ఆమె రాలేదమ్మా మీతో."

"మురాదూ అంతే అంటాడు. నాకు కళ్లు లేవు గానీ కాళ్లు ఉన్నాయి కదా. దిగిన రాత్రి తెల్లవార్లూ నా కాళ్లు నొక్కింది. చేతులు చల్లగా ఉన్నాయి, తడి తడిగా ఉన్నాయి. ఎందుకే అంటే మాట్లాడలేదు."

దిగిన రాత్రి అంటే నాలుగో తేదీ. ఆ రాత్రి మహబూబీ ఖుర్మ్‌లో ప్రాణాలతోనే ఉంది. సంజీవ్ ఆమె ఫోటోలున్న డ్రాయరు వైపు చూశాడు. 

"కుడికాలు ఆ పిల్ల నొక్కింది," అంది అజీజా. "ఎడమకాలు ఇంకొకరు నొక్కారు."

"ఇంకొకరు... ఎవరమ్మా?"

"ఏమో. మగచెయ్యి. మోటుగా ఉంది. కొంచెం నీళ్లివ్వు బాబూ, నాలుక అంటుకుపోతోంది."

అతను గ్లాసు నింపి ఆమె చేతికి అందించాడు. గ్లాసు కోసం తడుముతున్న ముసలి వేళ్లు అతని వేళ్లకు తగిలాయి. ఆగిపోయాయి. గ్లాసును వదిలేసి అతని చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్క కణుపూ మెల్లగా తడిమింది. సైట్‌లో ఇనుపరాడ్ పడి విరిగి, వంకరగా అతుక్కున్న చిటికెనవేలు దగ్గర ఆమె బొటనవేలు నిలిచిపోయింది.



"ఆ రాత్రి," అంది మెల్లగా, "ఈ చెయ్యి ఇంత వెచ్చగా లేదు."