గిలక నింపిన గ్లాసులు

"ఒక్కటి తీస్తే మీ అమ్మకేం తెలుస్తుందే?" అంది పక్కింటి పిల్ల.

గిలక ఫ్రీజర్ తలుపు పట్టుకుని నిలబడింది. గిలక్కాయలా దాని నోరు ఊరుకోదని ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు అది. లోపల ట్రేలో చిన్న చిన్న స్టీలు గ్లాసులు ఉన్నాయి. ఒక్కో గ్లాసులో ఎర్రటి పుచ్చకాయ ఐసు, పట్టుకోవడానికి మధ్యలో ఒక చెంచా.

"అవి తమ్ముడివి."

"అన్నీ తమ్ముడివేనా? నీకేమీ లేవా? పాపం!"

ఆ 'పాపం' గిలకకు గుచ్చుకుంది. నిజమే కదా. తమ్ముడికి జబ్బు చేసినప్పటి నుంచి ఇంట్లో అన్నీ వాడివే. అమ్మ ఒళ్లు వాడిది. నాన్న సెలవులు వాడివి. గిలకకు జ్వరం వస్తే మాత్రం, "మాత్ర వేసుకుని పడుకో" అంటారు.

మందుల వల్ల తమ్ముడి నోరంతా పుండ్లు పడ్డాయి. అన్నం మింగలేడు. చల్లటి ఐసు మాత్రం చప్పరిస్తాడు. అందుకే అమ్మ పండును రుద్ది రుద్ది కడిగి, కోసి, రసం వడకడుతుంది. గ్లాసులూ చెంచాలూ మరిగే నీళ్లలో వేసి తీస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లే కలుపుతుంది. "మనల్ని ఏమీ చెయ్యని మురికి కూడా ఇప్పుడు వీణ్ణి మంచాన పడేస్తుంది" అని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు గిలక పక్కనే ఉంది.

ఆ రోజు పొద్దున్నే అమ్మ తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లింది. నాన్న బస్సు డ్యూటీలో ఉన్నాడు.

పిల్లలిద్దరూ ఒకటి తీశారు. రుచి తగిలాక చెయ్యి ఆగుతుందా? ట్రే ఖాళీ అయింది. పక్కింటి పిల్ల మూతి తుడుచుకుని వెళ్లిపోయింది.

అప్పుడు వేసింది గిలకకు భయం. ఫ్రిజ్‌లో పుచ్చకాయ ముక్కలు కొన్ని మిగిలాయి. వాటిని చేత్తో పిసికింది. గ్లాసులు ఊరికే అలా నీళ్లతో కడిగింది. కొళాయి నీళ్లు కలిపి నింపింది. చెంచాలు వేసి ఫ్రీజర్‌లో పెట్టింది.

సాయంత్రానికి గడ్డకట్టాయి. చూస్తే ఏ తేడా లేదు.

వీధి దీపాలు వెలిగే వేళకు అమ్మా తమ్ముడూ వచ్చారు. అమ్మ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు లేని తల మీద టోపీ సర్దింది.

"అక్కా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు తెలుసా," అన్నాడు వాడు పెదాలు సరిగ్గా కదపకుండా. "దారంతా ఐసు ఐసు అనుకుంటూ వచ్చాను."

"అవునే, నా చెవులు తూట్లు పడ్డాయి," అని అమ్మ నవ్వింది. అమ్మ నవ్వి చాలా రోజులైంది.

చేతులు కడుక్కుని ఒక గ్లాసు తీసింది. వేడినీళ్లలో ముంచి ఐసు ఊడదీసి వాడి చేతికిచ్చింది.

గిలక అమ్మ ముఖం వైపు చూసింది. చెబితే అమ్మ నవ్వు పోతుంది. చెప్పకపోతే?

వాడు నోరు తెరిచాడు. లోపలి పుండ్లు కనిపించాయి.

"వద్దు!" గిలక చెంచా లాగేసింది. ఐసు నేల మీద పడి ముక్కలైంది.

"నీకేం పోయేకాలం వచ్చిందే!" అని అరిచింది అమ్మ.

"అవి నువ్వు చేసినవి కావమ్మా. నీవి మేం తినేశాం. ఇవి నేను చేశాను. కొళాయి నీళ్లతో."

అమ్మ చెయ్యి లేచింది. గిలక కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి అమ్మ ట్రేలోవన్నీ సింకులో కుమ్మరిస్తోంది.

"ఇంకోటి చెయ్యమ్మా," అన్నాడు తమ్ముడు.

"పండు లేదు నాన్నా. రేపు తెచ్చి చేస్తాను."

"ఇప్పుడు కావాలి."

"సారీరా," అంది గిలక.

సారీ చెబితే నీళ్లు గడ్డకట్టవు. వాడు ఏడవబోయాడు. నోరు తెరిస్తే పుండ్లు లాగాయి. అందుకని నోరు మూసుకుని ఏడ్చాడు. అలా ఏడవడం గిలక ఎప్పుడూ చూడలేదు. అమ్మ గ్లూకోజు నీళ్లు పట్టబోతే, గుక్కెడు తాగి తల తిప్పేసుకున్నాడు. ఆ ఆకలితోనే నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న పుచ్చకాయ తెచ్చాడు. అమ్మ వంటింట్లోకి వచ్చేసరికి గిలక అక్కడే ఉంది. గ్లాసులూ చెంచాలూ మరిగే నీళ్లలో వేసి, పట్టకారుతో తీసి, ఉతికిన గుడ్డ మీద బోర్లించింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

"అన్నీ మరిగించి పెట్టానమ్మా."

అమ్మ ఆ గ్లాసుల వైపు చూసింది. ఒక్కొక్కటే తీసి సింకులో వేసి, మళ్లీ సబ్బు పెట్టి తోమడం మొదలుపెట్టింది.

గిలకకు కళ్లలో నీళ్లు తిరిగాయి. 'నేను బాగానే కడిగాను' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

తర్వాత గిన్నెలోకి నీళ్లు పట్టి, అమ్మ తోమిన గ్లాసుల కోసం మళ్లీ పొయ్యి వెలిగించింది.