చిట్లని అచ్చు

ఊళ్ళు చూద్దామని బయల్దేరిన ప్రయాణంలో ఆ రోజంతా బొమ్మలకే ఇచ్చేసింది మా అక్క కూతురు. అది బొమ్మలు వేయడం నేర్చుకుంటోంది. పొద్దున్నుంచీ రెండు గ్యాలరీలు తిప్పింది. నాకు కాళ్ళు పీకుతున్నా, "ఆ రంగు చూడు పిన్నీ, ఈ గీత చూడు పిన్నీ" అంటూ అది మురిసిపోతుంటే దాని వెంటే తిరిగాను. పాలు తాగే వయసులో తల్లి పోయిన పిల్ల. నా చేతుల్లోనే పెరిగింది.

భోజనం చేసి శిల్పాల తోటకి వెళ్ళాం. ఎత్తైన గోడలు, కత్తిరించిన గడ్డి, రాతి బాట. ఎండ చురుక్కుమంటోంది. జనం లేరు. ఎక్కడో ఎవరో గొట్టంతో మొక్కలు తడుపుతున్న చప్పుడు. తడిమట్టి వాసన.

తోట చివర నీడలో, అరుగు మీద ఒక కంచు విగ్రహం. పడుకున్న ఆడమనిషి. తల కాస్త వెనక్కి వాల్చి, పెదాలు బిగించి ఉంది.

నా కాళ్ళు ఆగిపోయాయి.

వంకర తిరిగిన చిటికెన వేలు. జబ్బ మీద టీకా మచ్చ. కనుబొమ చివర చిన్న గాటు.

మా అక్క.

పక్కన పలక మీద శిల్పి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అక్క పేరు ఎక్కడా లేదు. కింద ఒక వాక్యం: "ప్రాణమున్న మనిషి మీద నుంచి, ఎక్కడా చిట్లకుండా తీసిన అచ్చులో పోసిన విగ్రహం."

మళ్ళీ చదివాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్క ఆ శిల్పి దగ్గర మోడల్‌గా పనిచేసేది. ఒంటికీ ముఖానికీ ప్లాస్టర్ పూసి అచ్చు తీస్తుండగా ఊపిరాడక పోయింది. వాడే మా ఇంటికొచ్చి బావురుమన్నాడు. "కదలడం చూడగానే సుత్తితో అచ్చు ముక్కలు చేశానండీ, అయినా దక్కలేదు" అన్నాడు. మా నాన్న వాడి వీపు నిమిరి ఓదార్చాడు. వాణ్ణి ఓదార్చాడు!

ముక్కలైపోయిన అచ్చులోంచి ఈ విగ్రహం ఎలా వచ్చింది?

అంటే, లోపల అక్క కొట్టుకుంటూ ఉంటే వీడు ఆగాడు. ప్లాస్టర్ ఆరేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరు పిన్నీ ఈవిడ?"

వాళ్ళమ్మ జబ్బు చేసి పోయిందనే దానికి చెప్పాం ఇన్నాళ్ళూ. ఇంక దాచాలనిపించలేదు. "మీ అమ్మ" అని, జరిగిందంతా చెప్పాను.

అది ఏడవలేదు. మెల్లగా వెళ్ళి కంచు గుండె మీద చెంప ఆనించింది.

"పిన్నీ..." గుసగుసగా పిలిచింది. "లోపల ఎవరో గోకుతున్నారు..."

వెనక చేతికర్ర చప్పుడు.

"విగ్రహాల్ని ముట్టుకోకూడదమ్మా."

ముసలివాడయ్యాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కళ్ళద్దాల తాడు. వాడే. నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవరీమె?" అనడిగాను.

"నా పనుల్లోకెల్లా మంచి పని" అని నవ్వాడు. "అలాంటి అచ్చు మళ్ళీ కుదరలేదు."

"పగలగొట్టానన్నావుగా! మా నాన్న ముందు ఏడ్చి మరీ చెప్పావుగా!"

నవ్వు ఆగిపోయింది. నన్నూ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. పిల్లది అచ్చం తల్లి ముఖమే. వాడి చూపు అక్కడే ఉండిపోయింది.

"ఇంకొక్క నిమిషం ఆగితే చాలనుకున్నాను" అని గొణిగాడు. "ముఖం అంత బాగా వస్తోంది మరి..."

వాడి పీక పిసకాలనిపించింది. కానీ కదల్లేదు నేను. ఉన్నచోటనే ఉన్నాను. ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను.

అప్పుడు నాకూ వినిపించింది. కంచు లోపల గోళ్ళతో గీకుతున్న చప్పుడు. ఒకసారి... మళ్ళీ... గబగబా...

ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడూ ఆగింది. ఎక్కణ్ణుంచో పచ్చి ప్లాస్టర్ వాసన గుప్పుమంది.

ముసలాడి చేతికర్ర కిందపడింది. మెడ పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. గాలి లోపలికి పోవడం లేదు. మోకాళ్ళ మీద కూలిపోయాడు.

పిల్ల ఫోను తీసింది. "అంబులెన్స్‌కి చేస్తాను!"

"ఆగు" అన్నాను. "ఆరనీ."

ఆ గొంతు నాది కాదు. నా నోట్లోంచే వచ్చింది. పిల్ల మణికట్టు నా పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు.

"పిన్నీ, వదులు! చచ్చిపోతాడు!"

వదల్లేదు. వాడి కాళ్ళు బాట మీద టపటపా కొట్టుకున్నాయి. నెమ్మదించాయి... ఆగాయి.

అప్పుడు నా వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి.

అంబులెన్స్‌లో వచ్చిన మనిషి వాడి నోట్లో వేళ్ళు పెట్టి చూసి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు. నోట్లో, ముక్కుల్లో తెల్లగా ఏదో రాయిలా గడ్డకట్టి ఉంది.

"ఈయన ఏం తిన్నాడు?"

ఏమీ తినలేదని చెప్పాం. అది నిజం.

హోటల్ గదికి వచ్చాం. తలుపు వేశాక, పిల్ల దూరంగా గోడకి ఆనుకుని అడిగింది.

"నువ్వు ఆయన్ని ముట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. కదూ?"

"ముట్టుకోలేదు తల్లీ."

ముఖం కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళాను. దీపం వెలుగులో చేతులు చాపాను.

గోళ్ళ కింద తెల్లటి ప్లాస్టర్ ఇరుక్కుని ఉంది. ఇంకా తడిగా ఉంది... వెచ్చగా ఉంది...