కట్నాల టేబుల్

సుదర్శన్ మీద ఫిర్యాదులన్నీ చెప్పాలంటే ఒక పూట చాలదు కానీ, ముఖ్యమైనది మాత్రం ఒకటే. లోకంలో ఏది ఎక్కడ ఉండాలో ఆయనకు తెలుసు, ఇంట్లో ఏది ఎక్కడ ఉందో తెలియదు. తెరిచిన ఫ్రిజ్ ముందు నిలబడి పాల ప్యాకెట్ ఏదని అడుగుతాడు. భుజం మీది తువ్వాల కోసం ఇల్లంతా తిరుగుతాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయనకు వస్తువులు చూపించడమే భార్య రత్నమాల అసలు ఉద్యోగం. ముందుగదిలో జాకెట్లు కుట్టడం ఖాళీ ఉన్నప్పుడు చేసేది.

కోరుట్లలో ఉన్న ఇంటిమీద కొత్తగా అంతస్తు వేసుకుని, శ్రావణమాసం మొదట్లో ఒక ఆదివారం గృహప్రవేశం చేశారు. సోమవారం పొద్దున రత్నమాల మిగిలిన బగారన్నం వేడిచేస్తూ, నిన్నంతా చార్జింగ్ లేక మూలపడిన ఫోను ఆన్ చేసింది. టింగుమని మెసేజ్ వచ్చింది. ఆమె ఖాతాలో డెబ్బై నాలుగు వేల చిల్లర జమ అయిందట.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. ఫంక్షన్ పనుల్లో పడి వారం రోజులుగా ఒక్క జాకెట్టూ కుట్టలేదు. పొరపాటున డబ్బు వేశామని ఫోన్ చేసి, ఉన్నది కూడా ఊడ్చుకుపోయే మోసగాళ్ల గురించి ఆమె చాలా విన్నది.

“అత్తమ్మా, నా అకౌంట్ల ఎవ్వలో పైసలేసిండ్రు.”

ఉల్లిగడ్డలు కోస్తున్న ఐలవ్వ తల ఎత్తలేదు. “ఎన్ని?”

ఎన్నో చెప్పగానే కత్తిపీట పక్కకు జరిపింది. “సప్పుడు సెయ్యకు. నీ మొగనికైతే అస్సలు చెప్పకు.”

“ఆయన నీ కొడుకే గదా!”

“గందుకే చెప్తున్న.”

“మంది పైసలు మనకెందుకు అత్తమ్మా? బ్యాంకుకు పోయి చెప్పొస్త.”

“చెప్పు బిడ్డా, వద్దన్ననా? గని రేపు చెప్పు. ఇయ్యాల ఒక్కరోజన్న మనింట్ల ఉండనియ్యి.”

అంతలో హాల్లోంచి సుదర్శన్ గొంతు పెద్దగా వినిపించింది.

నిన్న చుట్టాలు చదివించిన కట్నాలు తీసుకుని పేర్లు రాసింది రత్నమాల తమ్ముడు ఆనందం. బోయినపల్లి నుంచి రెండు రోజుల ముందే వచ్చి, గ్యాసు బండల నుంచి విస్తరాకుల దాకా మోసింది కూడా అతనే.

“పేర్లేమో బుక్కు నిండ ఉన్నయి. పైసలేమో సగం లేవు. తక్కినయి ఏడవోయినయి, ఆనందం?”

“చెప్పిన గద బావా. మస్తు మంది ఫోన్ల స్కాన్ చేసిండ్రు. టేబుల్‌కు స్కానర్ అతికేసి ఉండె. నీదే అనుకున్న.”

“నాకు స్కానర్ ఏడిది? నేనేమన్న మిర్చి బండి పెట్టుకున్ననా?”

“మరెవ్వలదో నాకేమెరుక?”

“నాకెరుక. పొద్దాక టేబుల్ కాడ ఎవ్వలు కూసున్నరో, వాళ్లదే.”

పళ్లు తోముకుంటున్న చుట్టాలు బ్రష్షులు నోట్లోనే ఆపేశారు. ఆనందం మెల్లగా లేచి నిలబడ్డాడు.

“నన్ను దొంగ అంటున్నవా బావా?”

“దొంగ అన్ననా? స్కానర్ నీది అన్న.”

“రెండిటికి తేడా ఏంది?”

ఆనందం సంచీలో బట్టలు కుక్కుకుంటూ అక్క వైపు తిరిగాడు. “అక్కా, రాఖీ కట్టనీకి మా ఇంటికి రాకు. దొంగ చేతికేం కడ్తవు?”

అమ్మానాన్నా పోయాక రత్నమాలకు పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే. “ఆగు తమ్మీ” అనేలోపు అతను చెప్పులేసుకుని వాకిలి దాటాడు.

ఆమె మొగుడి వైపు చూసింది. “ఏ టేబులయ్యా అది?”

“టెంట్ హౌస్‌ది,” అన్నాడు సుదర్శన్, ఫ్యాను వైపు చూస్తూ.

ఆయన ఫ్యాను వైపు చూశాడంటే అబద్ధమని అర్థం. రత్నమాల, రోజు కుట్టుకూలి డబ్బులన్నీ కలిపి మర్నాడు ఖాతాలో వేసే యాప్ తెరిచింది. అందులో వరసగా పేర్లు కనిపించాయి.

“వీర్నపల్లి చిన్నమామ వెయ్యిన్నూట పదహార్లు. మీ ఆఫీసు సారు అయిదు వందల పదహార్లు. వీళ్లంతా నా దగ్గర జాకెట్లు కుట్టిచ్చుకున్నరా?”

ఆమె ముందుగదిలోకి నడిచింది. ఎవ్వరూ ముట్టుకోకూడదని ఎప్పుడూ చెప్పే తన కటింగ్ టేబుల్ గోడ వైపు తిరిగి ఉంది. దానిమీద పసుపు మరకలు, ఒక తమలపాకు. ఇవతలికి తిప్పింది. వెనక కూర్చున్నవాళ్లకు కనబడని ముందు పలక మీద ఆమె పేరుతో స్కానర్ అతికించి ఉంది.

“టెంట్ హౌసోళ్లు నా పేరు మీద వ్యాపారం చేస్తున్నరా?”

“వాళ్ల టేబుల్ కాలు ఊగుతుండె,” సుదర్శన్ నసిగాడు. “నిన్నడిగితె ఇయ్యవని... అయినా గా స్టిక్కర్ ఎప్పుడతికిచ్చినవు?”

“మూడేండ్లాయె. రోజు గా టేబుల్ మీదనే చాయ్ గిలాస పెడ్తవు.”

“అంటే గవి మన పైసలేనా?” అంది ఐలవ్వ, కొనబోయిన కమ్మలు ఎవరో లాక్కున్నట్టు.

సుదర్శన్‌కు ప్రాణం లేచొచ్చింది. “అయితే ఇంకేంది! పైసలు దొరికినయి, కథ ఒడిసింది.”

“పైసలు దొరికినయి. నా తమ్ముడు దొరుకుతడా?”

ఆమె ఏడ్చేసింది. పై అంతస్తు కట్టిన రెండేళ్లూ ఇసుక లేదన్నా, మేస్త్రీ రాలేదన్నా చెక్కుచెదరని మనిషి ఏడుస్తుంటే సుదర్శన్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు.

“ఫోన్ చేసి చెప్త తియ్యి.”

“అన్నప్పుడు ఫోన్ల అన్నవా? నలుగుట్ల అన్నవు. నలుగుట్లనే చెప్పు.”

సుదర్శన్ చెప్పులు లేకుండానే బయటికి నడిచాడు. సందు చివర ఆనందం అప్పటికే ఆటో ఎక్కాడు. సుదర్శన్ పరుగున పోయి ఆటో కమ్మీ పట్టుకున్నాడు.

“దిగు ఆనందం. బగారన్నం వేడైంది.”

“నాకాకలి లేదు.”

“గా టేబుల్ మీ అక్కది. స్కానర్ గూడ మీ అక్కదే.”

“అయితే?”

“అంటే... జర పొరపాటైంది.”

“ఎవ్వలకు?”

ఆటో డ్రైవర్ బాగా వినబడాలని ఇంజన్ ఆపేశాడు. సుదర్శన్ వెనక్కి చూశాడు. గేటు దగ్గర చుట్టాలు, పక్కింటివాళ్లు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని రత్నమాల.

“నాకే. అడగకుంట టేబుల్ తెచ్చిన. అడిగితె అబద్ధమాడిన. ఇంటెడు చాకిరి చేసిన నిన్ను దొంగను చేసిన.” గేటు దాకా వినిపించేలా గొంతు పెంచాడు. “తప్పు నాదే బామ్మర్దీ, తప్పు నాదే!”