నీళ్లెరుగని మడుగు

తొగుట దాటి దౌల్తాబాద్ దిక్కు పోతుంటే, ఒక మామిడితోట ఎనుక ఎండిపోయిన వాగు మలుపు తిరుగుతది. ఆ మలుపును చంద్రవ్వ మడుగు అంటరు. మడుగంటే నీళ్లుండాలె కదా — లేవు. ఉండంగ చూసినోళ్లు కూడా లేరు. అయినా దాంట్ల మునిగి సచ్చిన మనిషి దెయ్యమై తిరుగుతదని చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు.

నీళ్లు లేని కాడ ఎట్ల మునిగిందని అడిగితే, జవాబు తయారుగనే ఉంటది. మనిషిని మింగాలనుకున్న రాత్రే ఆ మడుగుల నీళ్లు ఊరుతయట… మింగి, తెల్లారేసరికి ఇంకిపోతయట.

ముప్పై ఏండ్ల కింద చంద్రవ్వ అని మగ్గం నేసే ఇంటి ఆడమనిషి ఉండె. వాగొడ్డున, ఇప్పుడు మామిడితోట ఉన్న కాడ, తన పొలం తనకే కావాలని కోర్టుకెక్కిన మనిషి. ఒకనాటి రాత్రి ఇంట్లకెల్లి పోయింది. పొద్దుగాల మడుగు ఒడ్డున చెప్పుల జత దొరికింది. మనిషి దొరకలే. నీళ్లూ దొరకలే.

ఆ రాత్రి మేకల మంద కాడ పండుకున్న బాలయ్యకు మడుగులకెల్లి ఒక్క మాట వినబడ్డది —

"దీపం ఆర్పు…"

అప్పటిసంది, లైటు పట్టుకొని ఆ మలుపు దాటినోళ్ల ఎంట ఆ మాట పడుతదని పేరు. వినంగనే ఉరకాలె. నిలబడ్డోడు మళ్ల ఇల్లు చూడడు.

అసొంటి జాగకు దీక్షిత వచ్చింది.

సిద్దిపేట పిల్లనే. కాలేజీల డిబేటంటే అవతలోడు తడబడేదాకా మైకు ఇడిసేది కాదు. ఇప్పుడు హైదరాబాదుల పరిశోధన చేస్తుంది. రాజస్థాన్ ఎడారిల మాయమైన నదులు ఎప్పుడు ఎండినయో ఇసుకనే అడిగి తెలుసుకునే పని నేర్చుకున్నది. అదే ప్రశ్న మన కరువు నేలను అడుగుదామని తిరిగొచ్చింది. ఒకప్పుడు ఈడ నీళ్లుండెనా? ఉంటే, ఎన్నడు పోయినయి? మడుగు ఒడ్డున ఇద్దరు మనుషులెత్తు గట్టు నిట్టనిలువుగ కోసి ఉన్నది. పొర మీద పొర. పాత వానలు, పాత కరువులు అన్నీ అండ్లనే. ఏండ్ల చదువును ఆ గట్టుకే కట్టేసింది. దాని మట్టి సరిగ రాకపోతే థీసిస్ లేదు, అంతే.

చిక్కేందంటే, ఆ మట్టిని చీకట్లనే తీయాలె. ఇసుక రేణువు ఎండను చూసిందంటే దాని లోపలి గడియారం సున్నాకు వస్తది. మట్టి కింద చీకట్ల పడ్డంక మళ్ల నడుసుడు మొదలుపెడుతది. తీసేటప్పుడు దాని మీద టార్చి పడ్డా చాలు, వేల ఏండ్ల లెక్క తుడుసుకపోతది. అందుకే రాత్రిపూట, ఒక దోస్తును ఎంటబెట్టుకొని, నల్ల టార్పాలిన్ పట్టా కింద, ఇసుకకు హాని చేయని చిన్న ఎర్ర లైటు పెట్టుకొని, గట్టుల ఇనుప గొట్టాలు దిగ్గొట్టుడు.

దెయ్యం మడుగు… ఎర్ర లైటు… ఇద్దరు ఆడపిల్లలు… సుత్తె చప్పుడు.

ఇగ ఊరు ఊకుంటదా?

"లంకెబిందెలు దొరికినయా మేడం?" చాయ్ హోటల్ కాడ సతీశ్ అనేటోడు అందరికీ వినబడేటట్టు అడిగిండు. "మాకేమన్న వాటా పెడ్తవా?"

"పెడ్త. తట్టెడు మట్టి. సంచి తెచ్చుకో."

నవ్వింది ఇద్దరే. మిగిలినోళ్ల మొకాలు బిగుసుకున్నయి. బాణామతి అనే మాట ఒక బెంచీ మీదికెల్లి ఇంకో బెంచీ మీదికి మెల్లగ పాకింది. దీక్షిత విన్నది. విననట్టు చాయ్ ఊదుకున్నది.

అప్పుడే పెద్దసారు వచ్చిండు. పేరు రాజేంద్రప్రసాద్. మడుగు పక్క మామిడితోట ఆయనదే. పెట్రోలు బంకు, ఫంక్షన్ హాలు ఆయనయే. ఊర్ల ఎవరు గెలువాలెనో చెప్పేది కూడా ఆయననే. అడగకముందే ఎవరో కుర్చీ తెచ్చి వేసిన్రు.

"మడుగు మంచిది కాదు బిడ్డా. చంద్రవ్వ మునిగిన జాగ."

"నీళ్లల్లనా సారూ?"

"మరి నిప్పులనా?"

"ఒక్క రాత్రి నీళ్లు నిలిచినా, ఇంకినంక సన్నటి బురద పొర మిగులుతది. గట్టు పైపొరలన్నీ గీకి చూసిన. అసొంటిది ఒక్కటి లేదు. మీ తాతల కాలంల కూడా అండ్ల నీళ్లు నిలవలే. మరి లేని నీళ్లల్ల మనిషి ఎట్ల మునిగింది?"

హోటల్ల గ్లాసుల చప్పుడు ఆగింది. దీక్షితకు అది గెలిచిన చప్పుడు లెక్క వినబడ్డది. డిబేటు అలవాటు.

పెద్దసారు ఆఖరి గుక్క దాకా నిమ్మలంగ తాగిండు.

"దెయ్యం నీళ్లకు బురద ఉండది బిడ్డా," అని లేచిండు. "ఇయ్యాల్నే బంద్ పెట్టు. ఊరి పోరగాండ్ల కోపం నా చేతుల ఉండది."

ఆ రాత్రికి ఇంకొక్క గొట్టమే మిగిలి ఉన్నది.

"ఏమే, నువ్వు నోరు మూసుకుంటే మనం రేపు కూడా బతికుంటం," పట్టా కింద ప్రవీణ గుసగుసగ అన్నది. అదే ల్యాబుల చదివే దోస్తు ఆమె. బండి నడిపేది, లైటు పట్టేది, భయపడేది అన్నీ ఆమెనే.

"నోరు మూసుకొని బతికి ఏం జేస్తనే?"

"థీసిస్ రాస్తవు. సుత్తె కొట్టు, జల్ది."

మామిడితోట అంచు కింద, పగలు చూస్తే చెట్ల ఏర్లు కప్పుకొని ఉన్న మూల అది. ఏర్లు కోసి, దీక్షిత సుత్తె ఎత్తి కొట్టింది. వేరే కాడ ఒక్కో గొట్టానికి అరచేతులు బొబ్బలెక్కినయి. ఈడ… రెండు దెబ్బలకే సగం దిగింది. పిండిల ఏలు పెట్టినట్టు.

"గింత అల్కగ దిగుతుందేందే?"

"ఎలుక బొరియ తగిలిందేమో…"

బొరియ కాదు. గట్టంతా గీతలు గీతలుగ పొరలుంటే, ఈ మూల మాత్రం గీతనే లేదు. ఎవరో కలిపి పోసినట్టు. ఎర్ర వెలుగుల అదేందో సమజ్ కాలే. ఇంకో దెబ్బకు గొట్టం మొత్తం లోపలికి పోయింది…

ప్రవీణ చెయ్యి దీక్షిత భుజం మీద పడ్డది.

"విన్నవా…"

అడుగులు. ఒకరివి కావు. గట్టు మీద, ఎండుటాకుల మీద. అంతమంది వస్తున్నరు, ఒక్క మాట లేదు. ఆ మాట లేకపోవుడే భయం. ప్రవీణ ఎర్ర లైటును కిందికి దించింది.

ఒక్క గుంజుడుకు పట్టా లేచిపోయింది.

టార్చిలు, ఫోను లైట్లు, కట్టెలు. "పట్టుకోండ్రా!" అని ఎవడో మొత్తుకున్నడు. గొట్టం మూతి ఇంకా తెరిచే ఉన్నది. దీక్షితకు తన పానం యాదికి రాలే, గొట్టం యాదికొచ్చింది. దాని మీద అడ్డంబడి, గొంతు పగిలేటట్టు అరిచింది —

"ఆర్పుండ్రి! లైట్లు ఆర్పుండ్రి!"

మట్టి మొకం. ఇడిపోయిన జుట్టు. ఎర్ర వెలుగు. మడుగు నడిమిట్ల… ఆ మాట.

పోరగాండ్లు రాళ్లైపోయిన్రు. తర్వాత కట్టెలు, చెప్పులు, ఒకని ఫోను అన్నీ ఆడనే పడేసి ఉరికిన్రు. "నేను కాదవ్వా, ఈళ్లే తోలుకొచ్చిన్రు!" అని సతీశ్ మొత్తుకుంటనే తోట కంచె మీదికెల్లి దుంకిండు.

ప్రవీణకు నవ్వూ ఏడుపూ ఒక్కపాలే వచ్చినయి.

కాని… ఒక్క టార్చి కదలలే.

గట్టు మీద పెద్దసారు నిలబడి ఉన్నడు. ఊరంతా ఏ మాటకు ఉరికిందో ఆ మాటకు ఆయన రెప్ప కూడా కొట్టలే. టార్చి వెలుగు వాళ్ల మొకాల మీద లేదు. గొట్టం దిగిన మూల మీద ఉన్నది.

"ఆ మూల ముట్టద్దు," మెల్లగ అన్నడు. "అదొక్కటి ఆడనే ఇడిసి పో."

దీక్షిత జవాబియ్యలే. మాటకు మాట అనకుండ ఉన్నది బహుశా అదే మొదటిసారి. ఒళ్లు అడ్డం పెట్టి, నీడల్నే గొట్టం గుంజి, మూత బిగించి, నల్ల కవరుల చుట్టింది. పెద్దసారు గట్టు దిగేలోపల ప్రవీణ బండి తీసింది.

హైదరాబాదుల చీకటి గదిల, మిగిలిన గొట్టాలన్నీ బుద్ధిగ జవాబు చెప్పినయి. నాలుగువేల ఏండ్ల కింద ఆ మలుపుల లోతు నీళ్లుండె. రెండువేల ఏండ్ల కింద ఆఖరి తడి. దాని మీద అంతా గాలి మోసుకొచ్చిన దుమ్మే. థీసిస్ బతికింది.

తోట అంచు గొట్టం మాత్రం ముప్పై ఏండ్లు అన్నది.

"ఆ ముసలాయన టార్చి పడ్డది కదనే," ప్రవీణ అన్నది.

"టార్చి తుడిస్తే సున్నా రావాలె. ముప్పై ఎందుకొస్తది? పైగా నేను కొలిచింది గొట్టం నడుమ మట్టి. ముప్పై ఏండ్ల కింద ఈ మట్టి ఎండ చూసింది. మళ్ల కిందికి పోయింది."

"అంటే ఎవరో గుంత తవ్వి పూడ్చిన్రు."

"రాత్రికి రాత్రి తవ్వి పూడిస్తే మట్టి ఎండ చూడదు ప్రవీణా…" దీక్షిత ముప్పై అన్న అంకె మీద ఏలు పెట్టింది. "ఇది పగటీలి తవ్విన గుంత. మట్టి ఎండల ఆరబడి ఉన్నది. ఆమె ఇంట్లకెల్లి పోకముందే గుంత తయారుగ ఉన్నది."

పని రోజులల్ల బాలయ్య మేకపాలు తెచ్చిచ్చేటోడు. ఆయన నంబరుంటే, రాత్రని చూడకుండ అప్పటికప్పుడే ఫోన్ కొట్టింది.

"తాతా, ఆ రాత్రి నువ్విన్నది ఆడగొంతా?"

అవతల బాలయ్య మేకలను అదిలించిండు.

"…మొగగొంతు బిడ్డా. దెయ్యమైనంక గొంతు మారుతదన్రు."

"ఎవరన్నరు?"

"పెద్దసారే అన్నడు."

మేకల మెడగంటలు వినబడుతున్నయి. వాటి ఎనుక ఇంకేదో చప్పుడు… ఇనుము రాళ్లను గీరుతున్నట్టు.

"గదేంది తాతా?"

"మడుగుల జేసీబీ దిగింది బిడ్డా. పెద్దసారు చేపల చెరువు తవ్విస్తుండట. రేపు కాలువ నీళ్లు మళ్లిస్తరట. ముందుగాల ఆ తోట కింది మూలనే తవ్వుతున్రు, పెద్దసారు ఒడ్డు మీదనే నిలబడ్డడు. గింత రాత్రిపూట ఎందుకో…"

ప్రవీణ అప్పటికే ఇంకో ఫోనుల పోలీసోళ్లకు కొడుతుంది. దీక్షిత బండి తాళం అందుకున్నది. ఫోను చెవికాడికెల్లి తీయలే.

జేసీబీ ఆగింది. ఒక్క క్షణం గంటలు కూడా ఆగినయి. దూరంగ ఎవరో కోపంగ అరిచిండు. ఆ మాట ఫోనులకెల్లి సక్కగ వినబడ్డది —

"దీపం ఆర్పురా!"

బాలయ్య మాట్లాడినప్పుడు ఆయన గొంతు ముప్పై ఏండ్ల కిందటి మేకల కాపరిది.

"గదే గొంతు బిడ్డా…"